తోబుట్టువులు లేని డబుల్ డై ఉండదు

1955లో అమెరికాలో చాలా చోట్ల సిగరెట్ పెట్టె ఖరీదు 23 సెంట్లు. పెట్టెలు అమ్మే యంత్రం తీసుకునేది మాత్రం పావు డాలర్ బిళ్ల, అంటే 25 సెంట్లు. మిగతా రెండు సెంట్లు కొన్నవాడికి ముట్టాలి కాబట్టి, పెట్టె మీది పల్చటి కవరు లోపల రెండు సెంట్లు ముందే దూర్చి పెట్టేవాళ్లు. ఆ ఏడాది మాసాచుసెట్స్‌లో, న్యూయార్క్ రాష్ట్రం ఎగువ ప్రాంతంలో సిగరెట్ కొన్న కొందరికి ఆ చిల్లర చూస్తే కళ్లు తిరుగుతున్నాయేమో అనిపించింది. సంవత్సరం రెండుసార్లు ఉంది. ‘లిబర్టీ’ అన్న మాట రెండుసార్లు ఉంది. తల మీద ‘ఇన్ గాడ్ వుయ్ ట్రస్ట్’ రెండుసార్లు ఉంది. మధ్యలో లింకన్ మాత్రం తనకేమీ తెలియనట్టు ఒక్కడే కూర్చున్నాడు.

నాణేలు పోగుచేసేవాళ్ల లోకంలో దీన్ని మించిన పేరున్న తప్పు మరొకటి లేదు. దీన్ని డబుల్ డై అంటారు, అంటే నాణేన్ని కొట్టే అచ్చే రెండుగా పడినది. బాగా అరిగిపోయిన 1955 డబుల్ డై సెంటుకు కూడా ఇవాళ వెయ్యి డాలర్ల పైనే పలుకుతుంది. రాగి మెరుపు తగ్గనిదైతే పదివేల డాలర్లు దాటి పోతుంది. అసలు కథ ఫిలడెల్ఫియా టంకశాలలో రాత్రి షిఫ్టులో మొదలైంది. ఒక యంత్రానికి తప్పుడు అచ్చు బిగించారు. ఎవరో గమనించి యంత్రం ఆపే వేళకి సుమారు 40 వేల సెంట్లు ముద్రించేశారు. అందులో 20 నుంచి 24 వేల దాకా అప్పటికే పక్క యంత్రాల నుంచి వచ్చిన మంచి సెంట్లతో ఒకే పెట్టెలో కలిసిపోయాయి. వాటిని ఏరాలంటే దాదాపు కోటి నాణేలను కరిగించాలి. ఒక్క సెంటు విలువ చేసే నాణెం కోసం అంత పనెందుకని వదిలేశారు. అలా వదిలేసినవే సిగరెట్ పెట్టెల్లోకి వచ్చాయి.

ఈ కథలో అందరూ గుర్తుపెట్టుకునేది సిగరెట్ పెట్టెని. గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఆ 40 వేల అంకెని. తప్పు జరిగింది నాణెం మీద కాదు, అచ్చు మీద. అందుకే అది ఒక్కటిగా పుట్టదు, మందగా పుడుతుంది.

పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే తెలుస్తుంది. టేకు చెక్క మీద చెక్కిన అచ్చును రంగులో ముంచి బట్ట మీద కొడతారు. కొట్టేటప్పుడు పనివాడి చెయ్యి వణికి పువ్వు రెండుగా పడిందనుకోండి, పాడయ్యేది ఆ ఒక్క చీరే. అచ్చు చెక్కినవాడే రేక పక్కన ఇంకో రేక పొరపాటున చెక్కితే మాత్రం, ఆ అచ్చు అరిగేదాకా వచ్చే ప్రతి చీరలోనూ అదే రేక, అదే చోట, అంతే వంకరగా కనిపిస్తుంది. మొదటిది అద్దకంలో తప్పు. రెండోది అచ్చులో తప్పు. డబుల్ డై అంటే రెండోది. దీన్ని ‘డబుల్డ్ డై’ అనాలని, అంటే రెండుగా పడిన అచ్చు అని, పట్టుదలగా సరిదిద్దేవాళ్లు ఉన్నారు. న్యాయంగా వాళ్లదే సరైన మాట. కానీ మన సంతల్లో, వాట్సాప్ గుంపుల్లో నలిగిన మాట డబుల్ డై కాబట్టి ఇక్కడా అదే.

అచ్చు రెండుగా ఎలా పడుతుంది?

నాణేన్ని కొట్టే ఉక్కు అచ్చు మీద బొమ్మ తిరగబడి, లోపలికి గుంటలుగా ఉంటుంది. ఆ గుంటల్ని ఎవరూ ఉలితో ఒక్కో అచ్చు మీద చెక్కరు. బొమ్మ పైకి ఉబ్బి ఉన్న గట్టి ఉక్కు దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని హబ్ అంటారు. ఆ హబ్‌ను మెత్తటి ఉక్కు ముక్క మీద పెట్టి విపరీతమైన బలంతో నొక్కితే బొమ్మ అందులో దిగుతుంది. అదే అచ్చు. ఒక హబ్ నుంచి ఎన్నో అచ్చులు, ఒక్కో అచ్చు నుంచి లక్షల నాణేలు.

చిక్కంతా ఉక్కు స్వభావంతో వస్తుంది. నొక్కినకొద్దీ ఉక్కు గట్టిపడుతుంది. మొదటి నొక్కుతో బొమ్మ పూర్తి లోతుకు దిగకముందే ముక్క మొండికేస్తుంది. ఇంకా నొక్కితే పగులుతుంది. అందుకని దాన్ని తీసి కొలిమిలో కాల్చి, మెత్తబరిచి, చల్లార్చి, మళ్లీ హబ్ కిందకు తెచ్చి రెండోసారి నొక్కేవాళ్లు. కొన్నిసార్లు మూడోసారి కూడా. రెండోసారి పెట్టినప్పుడు మొదటి గుంటల్లోకి హబ్ మీది ఉబ్బులు సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా గుంట పక్కన ఇంకో గుంట పడుతుంది. ఇక ఆ అచ్చు కొట్టే ప్రతి నాణెం మీదా రెండు బొమ్మలు.

1955 సెంటు మీద అక్షరాలు రెండుగా ఉండి లింకన్ ఒక్కడే ఉండటానికి కారణం కూడా ఇందులోనే ఉంది. అక్కడ రెండోసారి నొక్కినప్పుడు హబ్ పక్కకు జరగలేదు, కొంచెం తిరిగింది. తిరగలి తిప్పినప్పుడు చీల దగ్గర రాయి దాదాపు కదలదు, అంచు మాత్రం చాలా దూరం తిరిగొస్తుంది. నాణెం మీదా అంతే. నడుమ ఉన్న మొహం మీద తేడా కంటికి ఆనదు, అంచున ఉన్న అక్షరాల మీద స్పష్టంగా తెలుస్తుంది. తిరుగుడుకు ఇరుసు నడుమ కాకుండా అంచునే ఎక్కడో ఉంటే, ఆ వైపు అక్షరాలు చెక్కుచెదరవు, ఎదుటి వైపువి మాత్రం రెండుగా విడిపోతాయి. హబ్ తిరగకుండా నేరుగా ఒక పక్కకు జరిగితే అన్ని అక్షరాలూ ఒకే దిక్కుకు జరుగుతాయి. అమెరికన్ సేకరణకర్తలు ఇలా ఎనిమిది రకాలు లెక్కగట్టారు. ఎనిమిదీ కంఠస్థం పట్టాల్సిన పనేమీ లేదు. తెలియాల్సింది ఒక్కటే, ఎక్కడ ఎంత రెండుగా ఉందో ఆ పద్ధతికి ఒక లెక్క కుదరాలి. సంవత్సరంలో ఒక అంకె ఎడమకి, పక్క అంకె కుడికి జరిగినట్టు కనిపిస్తే అది హబ్ పని కాదు.

ఇందులోనే ఒక విచిత్రమైన ఉపశాఖ ఉంది. 1941 చివర్లో అమెరికా టంకశాల ఆ ఏటి అచ్చులు, వచ్చే ఏటి అచ్చులు పక్కపక్కనే తయారుచేస్తోంది. పది సెంట్ల డైమ్ నాణెం కోసం ఒక ముక్కను మొదటిసారి 1941 హబ్‌తో నొక్కి, కొలిమి నుంచి వచ్చాక 1942 హబ్‌తో నొక్కేశారు. 2 వెనక నుంచి 1 తొంగిచూసే 1942 డైమ్ అలా పుట్టింది. ఒకే పొరపాటు ఫిలడెల్ఫియా నాణెం మీదా, డెన్వర్ నాణెం మీదా దొరుకుతుంది. ‘ఏడు మీద ఎనిమిది’ కనిపించే 1918 డెన్వర్ బఫెలో నికెల్, అంటే అయిదు సెంట్ల నాణెం కూడా ఈ కుటుంబానిదే.

రెండుగా కనిపించేదంతా డబుల్ డై కాదు

ఇక్కడే నూటికి తొంభై తొమ్మిది మంది బోల్తాపడతారు. ఇది లెక్కగట్టి చెప్పిన అంకె కాదు, కోపంలో చెప్పిన అంకె. జేబులో చిల్లరని భూతద్దం కింద పెట్టి చూస్తే రెండుగా కనిపించే నాణేలు బోలెడు దొరుకుతాయి. వాటిలో దాదాపు అన్నీ యంత్రం కుదుపు వల్ల వచ్చినవి. దీన్ని మెషీన్ డబ్లింగ్ అంటారు. అచ్చు బాగానే ఉంటుంది, కానీ యంత్రంలో వదులుగా బిగించి ఉంటుంది. బిళ్లను కొట్టి పైకి లేచే క్షణంలో కాస్త జారి, అప్పుడే ఉబ్బిన అక్షరాన్ని పక్కనుంచి గీకుతుంది.

హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన స్టీలు రెండు రూపాయల బిళ్ల ఒకటి తీసుకోండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌దే. సైఫాబాద్‌లో 1903 నుంచి నడిచిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. ముంబైదైతే వజ్రం ఆకారం, నోయిడాదైతే చుక్క, కోల్‌కతాదైతే ఏ గుర్తూ ఉండదు. పదింతలు పెద్దగా చూపే లూప్ కింద పెట్టి, దీపం ఒకే వైపు నుంచి పడేలా ఉంచి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ సంవత్సరం చూడండి. యంత్రం కుదుపు తగిలిన నాణెమైతే అంకె పక్కన చదునైన మెట్టు ఒకటి తళుక్కుమంటుంది. అంకె పైభాగం ఎత్తుగా, గుండ్రంగా ఉంటుంది. పక్కన ఉన్న ‘రెండో అంకె’ మాత్రం బల్లపరుపుగా, నేలకు దగ్గరగా, కత్తితో కోసినట్టు మెరుస్తుంది. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే అసలు అంకె సన్నబడి ఉంటుంది. ఎందుకంటే అక్కడ కొత్తగా చేరింది ఏమీ లేదు. ఉన్నదాన్నే ఒక పక్క చెక్కి కిందకు తొక్కింది యంత్రం.

అసలు డబుల్ డైలో దీనికి పూర్తిగా ఎదురుగా ఉంటుంది. అచ్చులో గుంట పక్కన గుంట ఉంది కాబట్టి నాణెం మీద ఉబ్బు పక్కన ఉబ్బు లేస్తుంది. రెండూ గుండ్రంగానే ఉంటాయి, రెండూ ఎత్తుగానే ఉంటాయి. అక్షరం సన్నబడదు, లావెక్కుతుంది. అక్షరాల కొసలు చీలి పాము నాలుకలా కనిపిస్తాయి. ‘లిబర్టీ’లోని ‘ఇ’, ‘టి’ అక్షరాల మూలల్లో ఆ చీలిక కోసం చూడాలి. నాణేన్ని ఎటు తిప్పినా, దీపం ఎటునుంచి పెట్టినా ఆ చీలిక మాయం కాదు. మెట్టు మాత్రం వెలుగు మారితే మాయమవుతూ వస్తూ ఉంటుంది. కంటి కన్నా దీపమే పెద్ద పరీక్ష.

మూడో రకం ఒకటుంది, అచ్చు అరిగిపోవడం. లక్షల బిళ్లల్ని కొట్టీ కొట్టీ అచ్చు అంచులు కరిగినట్టై, అక్షరాల చుట్టూ మసక నీడ పడుతుంది. నాణెం నేల భాగం నారింజ తొక్కలా గరుకుగా కనిపిస్తే అచ్చు ముసలిదైపోయిందని అర్థం. 1955లోనే ఇలాంటి సెంట్లు బోలెడు వచ్చాయి. వాటిలో చివరి 5 పక్కన నీడలాంటి ఇంకో 5 కనిపిస్తుంది. అసలు 1955 దొరకనివాళ్లకు అమ్ముకోవడానికి వాటికి ‘పేదవాడి డబుల్ డై’ అని పేరుపెట్టారు. పేదవాడిది పేదవాడి ధరే, కొద్ది డాలర్లకు దొరుకుతుంది. పేరు పెట్టిన వ్యాపారి తెలివిని మాత్రం మెచ్చుకోవాలి.

1982 తర్వాతి అమెరికన్ సెంట్లతో ఇంకో తలనొప్పి. అప్పటిదాకా దాదాపు పూర్తి రాగిగా, 3.11 గ్రాములుండే సెంటును జింకు మీద రాగి పూతతో 2.5 గ్రాములకు తగ్గించారు. అక్షరం ఉబ్బే చోట పూత చిట్లి, కింది జింకు బూడిదరంగు గీతలా బయటపడుతుంది. అక్షరం చుట్టూ అలాంటి గీత చూసి ‘రెండుగా ఉంది’ అని సంబరపడేవాళ్లు కోకొల్లలు.

ఒకే అచ్చు పిల్లలు

పైన చెప్పిన లక్షణాలన్నీ సరిపోయినా పని పూర్తయినట్టు కాదు. అసలు పరీక్ష ఇంకొకటి ఉంది, దాన్ని వెనకబెట్టడమే పెద్ద పొరపాటు. డబుల్ డై అచ్చు వేల నాణేలు కొట్టి ఉంటుంది కాబట్టి, మీ చేతిలో ఉన్నది అసలుదే అయితే దానికి తోబుట్టువులు ఉండాలి. అదే చోట, అంతే దూరంలో, అదే దిక్కుకు అక్షరాలు రెండుగా ఉన్న నాణెం ఇంకెక్కడో ఇంకెవరి చేతిలోనో ఉండి తీరాలి. అమెరికన్ సెంట్ల విషయంలో ఈ పోలిక తేలిక. కోనెకా వంటి సేకరణకర్తల సంఘాలు దశాబ్దాలుగా ఒక్కో అచ్చుకు ఒక్కో నంబరు ఇచ్చి, ఫొటోలతో జాబితాలు తయారుచేశాయి.

పోల్చేటప్పుడు రెండుగా ఉన్న అక్షరాలను మాత్రమే చూస్తే చాలదు. అచ్చు మీద పడిన చిన్న గీతలు, గాట్లు కూడా ఆ అచ్చు పిల్లలన్నిటికీ పుట్టుమచ్చల్లా వస్తాయి. 1955 డబుల్ డై బొరుసు వైపు ఏమీ రెండుగా ఉండదు. కానీ అసలు నాణేల మీద ‘సెంట్’ అన్న మాటలో చివరి ‘టి’ అక్షరానికి ఎడమ పక్కన సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. 1972 డబుల్ డైల్లో బాగా పేరున్న మొదటి అచ్చుకు బొరుసు మీద, ‘యునైటెడ్’ చివరి ‘డి’ పైన అంచు దగ్గర చిన్న గాటు ఉంటుంది. నకిలీలు చేసేవాడు బొమ్మ వైపు అక్షరాలను ఎంత బాగా దింపినా, బొరుసు మీది గీత సంగతి మర్చిపోతాడు. అందరూ ముందు చూసే వైపు కాక, ఎవరూ చూడని వైపు చూడటం సేకరణకర్తల పాత అలవాటు.

పుట్టుమచ్చల కన్నా చక్కటి సాక్ష్యం 1969 శాన్ ఫ్రాన్సిస్కో సెంటు మీద ఉంది. దాని మీద సంవత్సరం, మాటలు ధాటిగా రెండుగా ఉంటాయి. సంవత్సరం కింద ఉన్న ‘ఎస్’ అనే టంకశాల గుర్తు మాత్రం ఒక్కటే. కారణం, ఆ రోజుల్లో టంకశాల గుర్తు హబ్ మీద ఉండేది కాదు. హబ్ పని పూర్తయ్యాక ఒక్కో అచ్చు మీద చిన్న ముద్రతో, చేత్తో, సుత్తితో కొట్టేవాళ్లు. హబ్ తిరగడానికీ దానికీ సంబంధం లేదు. అదే యంత్రం కుదుపు అయితే సంవత్సరంతో పాటు ‘ఎస్’ కూడా అదే దిక్కుకు గీసుకుపోతుంది. 1990 ముందు సెంట్ల మీద సంవత్సరమూ, గుర్తూ ఒకే తీరుగా రెండుగా కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేసి కాఫీ తాగడానికి లేవచ్చు. 1990 నుంచి ఆ గుర్తును కూడా హబ్‌లను తయారుచేసే మూల అచ్చులోనే పెట్టడం మొదలుపెట్టారు కాబట్టి, ఆ తర్వాతి సెంట్లకు ఈ కిటుకు పనికిరాదు.

ఆ 1969 సెంటుకు ఇంకో దురదృష్టం కూడా ఉంది. ఆ సమయంలోనే కొందరు 1969 డబుల్ డై సెంట్లను నకిలీగా తయారుచేసి పట్టుబడ్డారు. అమెరికా సీక్రెట్ సర్వీస్ ఆ కేసులో ఉండగానే శాన్ ఫ్రాన్సిస్కో సెంట్లు బయటపడ్డాయి. ఇవీ నకిలీలే అనుకుని కొన్నిటిని స్వాధీనం చేసుకుని నాశనం చేశారు. తర్వాత తేలింది, అవి అసలువేనని. పుట్టింది తక్కువ, అందులో కొన్ని పోలీసుల పాలు. ఇవాళ ఒకటి దొరికితే పదివేల డాలర్ల పైమాటే.

ఇప్పుడెందుకు తగ్గాయి?

1990ల చివరికల్లా అమెరికా టంకశాల పద్ధతి మార్చింది. మళ్లీ మళ్లీ కాల్చి నొక్కే బదులు, ఒకే నొక్కుతో అచ్చు పూర్తయ్యే యంత్రాలు తెచ్చింది. రెండో నొక్కే లేనప్పుడు రెండో బొమ్మ ఎలా వస్తుందని అప్పట్లో అనుకున్నారు. కానీ వచ్చింది. నొక్కడానికి పెట్టే ఉక్కు ముక్క మొహం చదునుగా ఉండదు, నడుమ కొంచెం కోసుగా ఉంటుంది. హబ్ ముందుగా తాకేది ఆ నడుమనే. ముక్క కొంచెం వంకరగా కూర్చుని ఉంటే, మొదట తాకిన ముద్ర పడి, తర్వాత బలం పెరిగేకొద్దీ సర్దుకుని సరైన చోట కూర్చుంటుంది. నడుమ మాత్రం మొదటి ముద్ర జాడ మిగిలిపోతుంది.

అందుకే కొత్త నాణేల్లో అంచు అక్షరాల మీద వెతకడం దండగ. నడుమ చూడాలి. లింకన్ పుట్టి రెండువందల ఏళ్లయిన సందర్భంగా 2009లో వేసిన నాలుగు సెంట్లలో ఒకదాని మీద, కుర్ర లింకన్ దుంగ మీద కూర్చుని పుస్తకం చదువుకుంటూ ఉంటాడు. పుస్తకం పట్టుకున్న చేతికి ఆరో వేలు మొలిచిన రకాలు ఎన్నో దొరికాయి. 1984 సెంటు మీద లింకన్ చెవి తమ్మె కింద ఇంకో తమ్మె కనిపించేది ఒకటుంది గానీ, అది పాత పద్ధతి నాటిది. పాతవాటిలో 1983 సెంటు బొరుసు మొత్తం రెండుగా ఉంటుంది, అది చిల్లరలో ఇంకా దొరకడానికి అవకాశముంది. 1995 సెంటు మీద ‘లిబర్టీ’, ‘ఇన్ గాడ్’ రెండుగా ఉంటాయి. అప్పట్లో పత్రికల్లోకి ఎక్కడంతో జనం ఎగబడి ఏరుకున్నారు. అందుకే ఇవాళ అది కొన్ని పదుల డాలర్లకే దొరుకుతుంది. మొదటిసారి కొనేవాళ్లకు అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం లేదు. చవక, స్పష్టం, నకిలీల బెడద తక్కువ.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇదొక శనివారం సాయంత్రపు కాలక్షేపం కావచ్చు. బ్యాంకులో 25 డాలర్లిచ్చి సెంట్ల పెట్టె అడిగితే యాభై సెంట్ల చుట్టలు యాభై, మొత్తం 2,500 నాణేలు వస్తాయి. చూసి మళ్లీ జమ చేస్తే పోయేదేమీ లేదు, కళ్లు మాత్రం పీకుతాయి. చలామణీ కోసం సెంట్ల ముద్రణ 2025 నవంబరులో ఆగిపోయింది కాబట్టి ఆ పెట్టెలు దొరకడమే ఇక ముందు ముందు కష్టం కావచ్చు.

ధర ఎక్కడ పుడుతుంది?

రెండుగా ఉన్నంత మాత్రాన ధర రాదు. చేత్తో పట్టుకున్న దూరంలో కంటికి కనిపించేదానికి ఒక ధర, లూప్ కింద కనిపించేదానికి ఒక ధర, మైక్రోస్కోప్ కింద నలభై రెట్లు పెంచితే గానీ తెలియనిదానికి దాదాపు ముఖవిలువే. జాబితాల్లో నంబర్లున్న డబుల్ డై రకాలు వేలల్లో ఉన్నాయి. వాటిలో డబ్బు తెచ్చేవి గుప్పెడు. ఇంకో ముక్క కూడా ఉంది. తప్పు మామూలు అచ్చులో కాకుండా దాని తల్లి అయిన హబ్‌లోనో, మూల అచ్చులోనో జరిగితే, అక్కడి నుంచి వచ్చిన అచ్చులన్నిటికీ అంటుకుని కోట్ల నాణేల మీద అదే కనిపిస్తుంది. అప్పుడది విశేషం కాదు, ఆ ఏటి నాణెం ముఖమే అది. అంటే తోబుట్టువులు లేకపోయినా చిక్కే, మరీ ఎక్కువైనా చిక్కే.

మన దగ్గర ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంది. భారత నాణేలకు అచ్చుల వారీగా నంబర్లిచ్చి పోల్చుకునే జాబితాలు అమెరికన్ సెంట్లకు ఉన్నంతగా లేవు. ఆ ఖాళీలోకి యూట్యూబ్ వచ్చి కూర్చుంది. యంత్రం కుదుపు తిన్న అయిదు రూపాయల బిళ్లను దగ్గరగా చూపించి, ‘ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే, లక్షల్లో కొంటారు’ అని చెప్పే వీడియోలకు కొదవ లేదు. ఆ వాక్యంలోనే తప్పు దొరికిపోతుంది. ఇదొక్కటే అయితే అది డబుల్ డై కాదు. ఒక్కదానికే జరిగింది యంత్రంలోనో, రోడ్డు మీదో, సుత్తి కిందో జరిగి ఉంటుంది. 2012లో వచ్చిన వైష్ణోదేవి నాణేల లాగా తప్పు ఏదీ లేని మామూలు స్మారక నాణేలకు కూడా ఇలాగే లక్షల ధరలు అంటగడుతుంటారు.

వీడియో చూసి ఫోన్ చేస్తే అవతలివాళ్లు నాణెం కొనరు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అంటారు, తర్వాత పన్ను అంటారు, కమీషన్ అంటారు. రిజర్వు బ్యాంకు పేరూ, ముద్రా వాడతారు. పాత నోట్లు, నాణేల కొనుగోలుతో తనకు సంబంధం లేదని, అలాంటి లావాదేవీల్లో ఎవరి దగ్గరా రుసుము గానీ కమీషన్ గానీ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. అమ్మేవాడే డబ్బు కట్టాల్సిన బేరం బేరమే కాదు. నిజమైన ధర తెలియాలంటే వేలం సైట్లలో అడిగిన ధరలు చూడకూడదు, అమ్ముడుపోయిన ధరలు చూడాలి. పది లక్షలకు పెట్టినవాడు పదేళ్లు పెట్టుకునే ఉండొచ్చు.

నిజంగా విలువైనది దొరికితే చేయాల్సింది తక్కువ, చేయకూడనివే ఎక్కువ. రాగి నాణెం నల్లబడి కనిపించగానే మన ఇళ్లలో చెయ్యి చింతపండు మీదకు పోతుంది. రాగి చెంబుకు అది బాగుంటుంది. నాణేనికి మాత్రం చావు. చింతపండు తోమిన మెరుపు గులాబీరంగులో, పచ్చిగా ఉంటుంది. చూసినవాడు ఒక్క క్షణంలో పట్టేస్తాడు, ధర సగానికి పైగా పడిపోతుంది. నోట్ల ఆల్బమ్‌లలో వాడే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు వదులుతాయి. మన కోస్తా ఉక్కపోతలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. అట్ట మధ్య మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉండే హోల్డర్లు కొద్ది రూపాయల్లో దొరుకుతాయి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. వేలిముద్ర రాగి మీద శాశ్వతంగా ఉండిపోతుంది. విలువ వందల డాలర్లు దాటేలా ఉంటే నాణెం అసలుదో కాదో, ఎంత బాగా ఉందో తేల్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలకు పంపడంలో అర్థముంది. ఇరవై డాలర్ల నాణేనికి అంతకు రెండింతలు రుసుము కట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టించుకోవడం వాళ్లకే లాభం.

ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికిన సెంట్లలో ఒకటి 1958ది. గోధుమ కంకుల బొరుసుతో వచ్చిన ఆఖరి ఏడు అది. దాని మీద కూడా సంవత్సరం తప్ప మాటలన్నీ 1955 మీదలాగే ధాటిగా విడిపోయి ఉంటాయి. వాటిలో బాగా ఉన్నది ఒకటి 2023 జనవరిలో వేలంలో పదకొండు లక్షల డాలర్లు దాటింది. అచ్చు ఒకటే, మచ్చలూ ఒకటే. తోబుట్టువులు ఉన్నాయి గానీ మూడే. యంత్రం ఒక్కసారి తిరిగితే నిమిషంలోనే అంతకన్నా ఎన్నో రెట్లు వస్తాయి. మిగతావాటిని టంకశాలలోనే పట్టుకుని కరిగించేశారా, మూడు మాత్రమే ఎలా బయటికొచ్చాయి అన్నదాని మీద సేకరణకర్తల మధ్య ఇప్పటికీ గుసగుసలే. ఇన్ని దశాబ్దాలుగా కోట్ల సెంట్లను గాలించినా నాలుగోది మాత్రం ఎవరి చిల్లరలోనూ కనిపించలేదు.